నాన్న ఫోనులో మిగిలినవి

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దని ఆమె కోరారు. ఊరి పేరు నేను తీసేశాను. ఆమె తండ్రి గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తొమ్మిది నెలల కిందట గుండెపోటుతో ఒక్క రాత్రిలో పోయారు. తల్లి ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉంటున్నారు. తమ్ముడు డల్లాస్‌లో స్థిరపడ్డాడు. తండ్రి ఫోను ఇప్పటికీ ఆయన పటం కింద చార్జరుకు తగిలించి, వెలుగుతూనే ఉంది. ప్రతి 28 రోజులకు తల్లి గుర్తుచేయడం, కూతురు ఆ నంబరుకు రీచార్జి చేయడం ఆనవాయితీ అయింది. "మాసికం తిథి ప్రకారం వస్తుంది, రీచార్జి 28 రోజులకు వస్తుంది, రెండూ నేనే గుర్తుపెట్టుకుంటున్నాను" అని ఆమె రాశారు.

గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, ఆరోగ్య బీమా, తల్లి ఆధార్ అన్నీ ఆ నంబరుతోనే ముడిపడి ఉన్నాయి. కుటుంబ పింఛను తల్లి సొంత ఖాతాలో పడుతోంది. తండ్రి పొదుపు ఖాతా ఉన్న బ్యాంకుకు మాత్రం ఆయన మరణం సంగతి ఇంకా తెలియజేయలేదు. పాలకూ కూరగాయలకూ తల్లి ఆ ఫోనుతోనే, ఆయన యూపీఐ పిన్ కొట్టి చెల్లిస్తున్నారు. రాత్రిపూట ఆయన వాయిస్ మెసేజీలు పెట్టుకుని వింటారు. ఒకరోజు అర్ధరాత్రి విజయవాడలో ఉన్న మేనమామకు బావగారి పేరు కింద "ఆన్‌లైన్" అని కనిపించి, ఆయన తెల్లవార్లూ నిద్రపోలేదట. ఆ పొదుపు ఖాతాకు నామినీ తమ్ముడు. అతను చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు రాసిన నామినేషన్ అది. "మొత్తం డేటా దించి నాకొక కాపీ పంపించు, సిమ్ ఆపేయ్, ఖాతాలు మూసేయ్" అని తమ్ముడు వారం వారం అడుగుతున్నాడు. సంవత్సరీకం అయ్యేదాకా దాన్ని ఎవరూ కదిలించవద్దని తల్లి అంటున్నారు. కాపీ సంగతి ఎత్తితే మాత్రం ఆమెకు కోపం వస్తోంది, ఎందుకో చెప్పడం లేదు.

అసలు చిక్కు ఉత్తరం చివరి పేజీలో ఉంది. గత నెల ఊరికి వెళ్లినప్పుడు ఈ పాఠకురాలు ఫోను తెరిచారు. ప్యాటర్న్ లాక్ ఆమె పెట్టి ఇచ్చినదే. తండ్రి వాట్సాప్‌లో తనకు తానే సందేశాలు పంపుకొనేవారని అప్పుడు తెలిసింది. బీపీ అంకెలు, పాల లెక్క, కందిపప్పు ధర, మధ్యలో ఎప్పుడో ఒక వాక్యం. "అమ్మాయి ఫోన్ చేసింది. ఓటీపీ కోసం." మరొకచోట: "అబ్బాయికి ఇచ్చిన 6 లక్షలు అడగకూడదు. ఇంట్లో చెప్పలేదు." ఆ చాట్‌ను తుడిచేయాలా, తల్లికి చెప్పాలా, తమ్ముడు అడిగిన కాపీ ఇవ్వాలా, అసలు చదవడమే తప్పా అని ఆమె అడుగుతున్నారు. "ఇంట్లో కంప్యూటర్ చదివింది నేనే కాబట్టి ఈ నిర్ణయం నాదే అని అందరూ అనుకుంటున్నారు" అన్నది ఆమె చివరి వాక్యం.

మీ ఇంట్లో ముగ్గురూ "నాన్న ఫోను" అనే ఒకే మాట వాడుతున్నారు. కానీ మీ అమ్మగారు ఆ మాటతో చెప్పేది ఒక గొంతు సంగతి, మీ తమ్ముడు చెప్పేది దాచుకోదగిన ఫొటోల, కాగితాల సంగతి, మీరు చెప్పేది ఇల్లు నడవడానికి కావలసిన తాళాల సంగతి. వీటితో పాటు ఆయన ఎవరికీ చెప్పకుండా రాసుకున్న మాటలు కూడా అందులోనే ఉన్నాయి. మా తాతగారి తరంలో ఇవన్నీ వేరువేరు చోట్ల ఉండేవి. తాళాల గుత్తి నాయనమ్మ బొడ్డున, పాసుపుస్తకం బీరువాలో, ఉత్తరాలు వసారాలో ఇనప తీగకు గుచ్చి, ఆయన రాసుకున్న కాగితాలు ట్రంకు పెట్టె అడుగున. ఆయన పోయాక ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతికి, ఒక్కొక్క సమయంలో వెళ్లింది. ఉత్తరాల తీగ దించినవాళ్లు ట్రంకు పెట్టె కూడా తెరిచి తీరాలని ఎవరూ అనలేదు. మీ నాన్నగారి విషయంలో వీటన్నిటికీ కలిపి ఒకే ప్యాటర్న్, అదీ మీరు గీసి ఇచ్చినది. అందుకని ఫోనును ఏం చేయాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, లోపలున్నవాటిని విడదీసుకుంటే, మీరు పెద్దదనుకుంటున్న తగవులో చాలా భాగం తగవే కాదని తేలుతుందని నా నమ్మకం.

నంబరుతో మొదలుపెడతాను, ఎందుకంటే గడువు ఉన్నది దానికే. మీ తమ్ముడు చెప్పినట్టు ముందు సిమ్ ఆపేస్తే, మిగిలిన పనులన్నీ కష్టమవుతాయి. గ్యాస్ కంపెనీలో, బీమాలో నంబరు మార్చబోతే చాలాచోట్ల పాత నంబరుకే ఓటీపీ వస్తుంది. పైగా ఆగిపోయిన నంబరు ఆయన పేరుతో శాశ్వతంగా ఉండిపోదు. ప్రీపెయిడ్ కనెక్షను వాడకంలో లేదని ఆపాలంటే కనీసం 90 రోజులు ఆగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో నియమం పెట్టింది. అలా ఆపిన నంబరును మరో 90 రోజుల వరకు కొత్తవారికి కేటాయించరని 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తరవాత అది ఎవరికైనా వెళ్లవచ్చు. అప్పటికి మీ అమ్మగారి ఆధార్‌కు ఆ నంబరే ఉంటే, ఆమెకు రావలసిన ఓటీపీ ముక్కూ మొహం తెలియని మనిషికి వెళుతుంది.

ఇక్కడ మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఇంటికి సంబంధించిన ప్రతిదాన్నీ మీ అమ్మగారి నంబరుకు మార్చి, ఆపైన పాత నంబరును వదిలేయడం. ఆధార్‌లో మొబైలు మార్పు ఆమె ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి చేయించుకోవచ్చు. రుసుము 75 రూపాయలు, కాగితాలు అక్కరలేదు, వేలిముద్రలు అరిగి పడకపోతే కనుపాపతో చేస్తారు. రెండోది, మరణ ధ్రువపత్రంతో ఆ నంబరునే మీ అమ్మగారి పేరుకు బదిలీ చేయించడం. చనిపోయినవారి కనెక్షనును కుటుంబసభ్యుల పేరుకు మార్చే పద్ధతి టెలికాం సంస్థల్లో ఉంది; మిగిలిన వారసుల అంగీకారపత్రం అడుగుతారు, ఒకటి రెండుసార్లు దుకాణం చుట్టూ తిరగవలసి రావచ్చు. మొదటి దారిలో పని ఎక్కువ, కానీ ఒకసారితో తీరిపోతుంది. రెండో దారిలో మీ అమ్మగారికి ఆ పది అంకెలు మిగులుతాయి. ఆమె పట్టుబడుతున్నది ఆ అంకెల కోసమా, గొంతు కోసమా అన్నది మీరు ఇంతవరకు అడిగినట్టు ఉత్తరంలో కనబడలేదు. ముందు అది అడగండి. గొంతు కోసమే అయితే సిమ్‌తో దానికి సంబంధం లేదు.

డబ్బు విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే చెప్పాలి. మనిషి పోయిన క్షణం నుంచి ఆ పిన్ వాడే అధికారం ఎవరికీ లేదు, అర్ధాంగికైనా సరే. పాలవాడికి చెల్లించినందుకు మీ అమ్మగారి మీద ఎవరూ కేసు పెట్టరు. కానీ ఏదో ఒకనాడు బ్యాంకులో మరణ తేదీ నమోదవుతుంది, ఆ తేదీ తరవాత తొమ్మిది నెలల పాటు ఖాతాలోంచి డబ్బు కదిలిందని స్టేట్‌మెంటు చెబుతుంది, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి డెబ్బై ఏళ్ల వయసులో కౌంటరు ముందు నిలబడుతుంది. ఇప్పుడే ఆపి, ఎంత వాడారో లెక్క రాసిపెట్టుకుని, మీరే వెంట వెళ్లి తెలియజేస్తే, ఇది చిన్న విషయంగానే ముగిసే అవకాశం ఎక్కువ.

నామినీ తమ్ముడే అన్నందుకు మీరు కంగారుపడుతున్నట్టు తోచింది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో సుప్రీంకోర్టు చెప్పినది ఇది: నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, దానికి యజమాని కాడు. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు. మీ నాయనమ్మగారు ఇప్పుడు లేరని ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను, ఉంటే ఆమెకూ ఒక వాటా. నామినీ ఉన్న ఖాతాలకు పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ పత్రాలు ఇవ్వవలసింది నామినీయే కాబట్టి మీ తమ్ముడి సంతకం లేకుండా ఇది కదలదు. అతను డల్లాస్ నుంచి ఏ కాగితాలు, ఎలా ధ్రువీకరించి పంపాలో బ్యాంకులో ముందే కనుక్కోండి. "ఖాతాలు మూసేయ్" అని మీకు పురమాయిస్తున్న పనిలో అతని వంతు ఇది అని మొహమాటం లేకుండా చెప్పవచ్చు.

మీ అమ్మగారి ఫోనులో ఆమె ఖాతాకే యూపీఐ పెట్టించడం సహజమైన ప్రత్యామ్నాయం. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ పద్ధతిలో మీ ఖాతాలోంచి ఆమె నెలకు 15,000 దాకా ఖర్చుపెట్టుకునేలా కూడా చేయవచ్చు. సౌకర్యమే, కానీ ఆమె ఎప్పుడు ఏ దుకాణంలో ఎంత ఇచ్చిందో ప్రతిసారీ మీ ఫోను చెబుతుంది. ఇన్నాళ్లూ భర్త పిన్‌తో ఎవరికీ లెక్క చెప్పకుండా ఖర్చుపెట్టుకున్న మనిషిని కూతురి కళ్ల ముందుకు తీసుకురావడం అవుతుంది. నాకైతే మొదటిదే ఇష్టం.

ఇప్పుడు గొంతు సంగతి. ఈ ఒక్క విషయంలో నాకు అనుభవం ఉంది, గర్వపడదగినది కాదు. 22 ఏళ్లుగా నా వృత్తి డేటా నిల్వ వ్యవస్థలు కట్టడం. మూడు కాపీలు లేని ఏ ఏర్పాటుకూ నేను సంతకం పెట్టను. మా అమ్మ పోయిన ఏడాదికి ఆమె ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. బాగుచేయించే తొందరలో, దుకాణంలో అడిగిన ప్రశ్న సరిగా వినకుండా, రీసెట్ చేయడానికి నేనే తల ఊపాను. ఆమె గొంతుకు నా దగ్గర ఒక్క కాపీ కూడా లేదు. తరవాత మా పిన్ని ఫోనులో ఒకటి దొరికింది: కరివేపాకు పంపమని, పదకొండు సెకన్లు.

పగలూ రాత్రీ చార్జరుకు తగిలించి ఉంచిన ఫోను వేడెక్కుతుంది. ఎప్పుడూ నిండుగా ఉండే లిథియం బ్యాటరీ తొందరగా పాడవుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది. పటం ముందు దీపం పెట్టే చోట అది ఉండటం మరీ మంచిది కాదు. కాబట్టి సంవత్సరీకం దాకా ఏదీ కదిలించవద్దన్న మీ అమ్మగారి మాటను గౌరవిస్తూనే, ఈ ఒక్క పని వెంటనే చేయండి. ఆయన వాయిస్ మెసేజీలు ఫోనులో వాట్సాప్ మీడియా కింద "వాయిస్ నోట్స్" అనే ఫోల్డరులో విడివిడి ఆడియో ఫైళ్లుగా ఉంటాయి. వాటిని రెండు పెన్‌డ్రైవుల్లోకీ ఒక కంప్యూటరులోకీ ఎక్కించండి. అయితే ఆ ఫోల్డరులో వచ్చినవీ పంపినవీ కలిసే ఉంటాయి, ఫైలు పేరులో ఎవరు మాట్లాడారో ఉండదు, కూర్చుని వినవలసిందే. దానికి తోడు ఇంకొకటి గమనించండి: ఆయన ఎవరికి పంపారో వారి ఫోన్లలో కూడా ఆ మాటలు ఉన్నాయి. మీ ఫోనులో, తమ్ముడి ఫోనులో, మేనమామ ఫోనులో. తలా ఒకరు ఏరి పంపితే, ఆయన ఫోను తెరవకుండానే చాలా భాగం సమకూరుతుంది. తమ్ముడికి ఈ పని అప్పగించండి. దూరంగా ఉన్నవాడు "డేటా పంపు" అని అడుగుతున్నాడంటే, చేయడానికి తనకేమీ పని లేక కూడా కావచ్చు.

మేనమామగారిని భయపెట్టిన "ఆన్‌లైన్" సంగతి ఒక్క నిమిషం పని. వాట్సాప్ గోప్యత అమరికల్లో చివరిసారి చూసిన సమయాన్ని, ఆన్‌లైన్‌ను ఎవరికీ కనబడకుండా మార్చవచ్చు. ఎప్పుడైనా ఆ ఫోనును ఇంటర్నెట్టు నుంచి తప్పించాలనుకుంటే, సాధారణంగా 120 రోజులు వాడకం లేని ఖాతాను వాట్సాప్ తొలగిస్తుందని తెలిసి ఆ పని చేయండి. అప్పటికి ఫోనులో ఉన్న సందేశాలు, ఆ యాప్‌ను తీసేయనంత వరకు, ఫోనులోనే ఉంటాయి.

తమ్ముడు అడుగుతున్న "మొత్తం డేటా" గురించి. మీకు తెలిసినదే, గూగుల్ ఖాతా మొత్తాన్ని దించుకోవడం ఒక రాత్రి పని. అదే నన్ను ఆలోచనలో పడేస్తోంది. మన వృత్తిలో బ్యాకప్ అంటే అన్నీ తీసుకోవడమే. ఏది అవసరమో తరవాత చూసుకుందాం, డిస్కు చవక అంటాం. కంపెనీ రికార్డులకు ఆ పద్ధతి సరిపోతుంది. ఒక మనిషి విషయంలో "మొత్తం" అంటే ఆయన వెతికిన జబ్బుల పేర్లు, వెళ్లిన చోట్ల పటం, ఎవరితోనో తెగిపోయిన మాటలు, తెల్లవారుజామున మూడింటికి చూసిన వీడియోలు. ఆయన బతికి ఉండగా వీటిలో ఒక్కటి కూడా తమ్ముడు అడిగి ఉండేవాడు కాదు, మీరు ఇచ్చి ఉండేవారూ కాదు. చావు వల్ల ఆ హద్దు చెరిగిపోయిందని నేను అనుకోను.

చట్టం వైపు నుంచి స్పష్టమైన తాళం ఏదీ మీకు దొరకదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మరణిస్తే తన హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే నియమించుకునే హక్కు మనిషికి ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, హక్కులకు సంబంధించిన భాగం 18 నెలల తరవాత అమలులోకి వస్తుంది. అది కూడా బతికి ఉండగా చేసుకోవలసిన ఏర్పాటు. గూగుల్‌లో ఇలాంటి వీలు 2013 నుంచీ ఉంది: ఖాతా 3 నుంచి 18 నెలల మధ్య మనం ఎంచుకున్నంత కాలం కదలకపోతే, మనం చెప్పిన పదిమంది దాకా మనుషులకు, మనం ఎంచిన భాగాలు మాత్రమే అందుతాయి. మీ నాన్నగారు అది పెట్టుకోలేదు. ఆయనకు ఫోను సిద్ధం చేసి ఇచ్చింది మీరు, మీకూ తోచలేదు. మన వృత్తిలో ఉన్న నూటికి తొంభైమందికి తోచదు, వారి సొంత ఖాతాలకు కూడా.

కాబట్టి తమ్ముడికి ఫొటోలు, వీడియోలు, గొంతు, ఇంటి కాగితాలు పూర్తిగా ఇవ్వండి. అవి మీ ఎంత సొత్తో అతనిదీ అంతే, ఆలస్యం చేయడం న్యాయం కాదు. ఫొటోలు ఏరడానికి సమయం పడుతుంది. గులాబీలు, సూర్యోదయాలు, దేవుళ్లతో వచ్చిన శుభోదయాలే సగం ఉంటాయి, ఆయన ఖాతాలోని ఉచిత 15 జీబీ నిండటానికి కారణం అవే అయి ఉంటాయి. సందేశాలు, వెతుకులాటలు, రాతలు ఇవ్వడం లేదని, వాటికి మీరు కూడా కాపీ తీసుకోవడం లేదని అతనికి సూటిగా చెప్పండి. అతను నొచ్చుకోవచ్చు. ఏదో దాస్తున్నారని అనుమానించవచ్చు కూడా. ఆ అనుమానంలో నిజం ఉంది కాబట్టి మీకు అది భరించడం కష్టమవుతుంది. ఇచ్చేస్తే జరిగేదీ చూడండి: 6 లక్షల వాక్యాన్ని అతను ఒంటరిగా, పరాయి దేశంలో, ఏ రాత్రో చదువుతాడు. తండ్రి అడగదలుచుకోలేదన్న మాట, ఇంట్లో చెప్పలేదన్న మాట ఒకేసారి తెలుస్తాయి, తండ్రిని అడగడానికి వీలుండదు.

ఆ చాట్ గురించి మీరు అడిగిన మూడింటిలో తుడిచేయడం ఒక్కటే వెనక్కి తీసుకోలేనిది, కాబట్టి అది ఇప్పుడు వద్దు. చదివినందుకు ఎవరో మిమ్మల్ని క్షమించాలని నేను అనుకోను. తాళాల కోసం వెళ్లి ట్రంకు పెట్టె తెరిచారు, ఇల్లు ఒకే పెట్టెలో సర్ది ఉన్నప్పుడు అలాగే జరుగుతుంది. మళ్లీ వెళ్లి మొదటి నుంచి చదవడం మాత్రం వేరే పని. అది చేయకండి. మీ పేరు ఎక్కడుందో వెతికి చూడాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు.

తల్లికి చెప్పాలా అన్న ప్రశ్న దగ్గర మీ ఉత్తరాన్ని మీకే చూపించాలి. ఆమె రాత్రిపూట ఆయన వాయిస్ మెసేజీలు వింటారని రాశారు. అంటే ప్యాటర్న్ ఆమెకు తెలుసు, వాట్సాప్ తెరుస్తారు. తొమ్మిది నెలలుగా ఆ ఫోను ఆమె చేతిలో ఉంది. కాపీ అన్న మాట వినగానే ఆమెకు కోపం వస్తోందని, ఎందుకో చెప్పరని కూడా మీరే రాశారు. ఆ 6 లక్షల సంగతి ఆమెకు తెలియదని మీరు ఎందుకు అంత నిశ్చయంగా అనుకుంటున్నారు? నాది ఊహ మాత్రమే, తప్పు కావచ్చు. కానీ ఆమె మీకంటే ముందే చదివి, కొడుకు పరువు కోసమో భర్త మాట కోసమో నోరు మెదపకుండా ఉండి ఉంటే, మీరు ఆమెకు "చెప్పడం" అంటే ఆమె మూసిపెట్టినదాన్ని తెరవడమే. ఒకవేళ తెలియకపోతే, చెప్పడం వల్ల ఆమెకు ఆ డబ్బు తిరిగి రాదు. తనతో ఒక్కమాట అనలేదన్న బాధ మాత్రం కొత్తగా చేరుతుంది. తనకు తాను పంపుకున్న ఒక వాక్యం అప్పుపత్రం కాదు, ఇచ్చింది అప్పో కానుకో కూడా దాన్ని బట్టి చెప్పలేం. ఖాతాలోని సొమ్ము పంచుకునే సమయంలో తమ్ముడే ఆ సంగతి ఎత్తుతాడేమో చూడండి. ఎత్తకపోతే, తనకు వచ్చే వాటా అమ్మ పేరున వేయమని మీరు అడగడానికి ఈ రహస్యం అవసరమే లేదు. ఒంటరిగా ఉన్న తల్లి అన్న కారణం చాలు.

తల్లిని ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా ఒక మాట అనవచ్చు: "అమ్మా, ఫోనులో నాన్న రాసుకున్నవి ఎవరికీ పంపను, గొంతు మాత్రం దాస్తాను." ఆమెకు తెలిసి ఉంటే అర్థమవుతుంది. తెలియకపోతే మామూలు మాటలా ఉంటుంది. కాపీ విషయంలో ఆమె కోపం ఆ తరవాత తగ్గుతుందో లేదో గమనించండి.

ఇక ఆ ఓటీపీ వాక్యం. మీరు దాన్ని ఉత్తరంలో రెండుసార్లు రాశారు, రెండోసారి కొట్టివేతతో. హైదరాబాదులో కూర్చుని ఆయన బీమా, ఆయన కరెంటు బిల్లు, ఆయన గ్యాసు మీరే చూసేవారు. ప్రతిదానికీ సంకేతం ఆయన ఫోనుకు వచ్చేది, గడువు మూడు నిమిషాలు, ఆయన కళ్లద్దాలు వెతుక్కునేవారు. మీ వైపు నుంచి అది ఆయన పని చేసిపెట్టడం. ఆయన వైపు నుంచి ఆరు అంకెలు అప్పజెప్పి పెట్టేసిన ఫోను. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. ఇలాంటి వ్యవస్థలు కట్టే గదుల్లో నేను కూర్చున్నాను. కట్టేటప్పుడు మేం లెక్కపెట్టింది మోసాలను, సెకన్లను. ఒక తండ్రీ కూతుళ్ల మాటల్లో సగం ఈ అంకెలే ఆక్రమిస్తాయని ఎవరం అనుకోలేదు. బీపీనీ కందిపప్పునూ రాసుకునే లెక్కల మాస్టారు ఆ రోజు జరిగినదాన్ని కూడా అలాగే రాశారు. అందులో నిష్ఠూరం లేదని నేను చెప్పను. ఉండి ఉండవచ్చు. కానీ అది ఒకరోజు రాసిన ఒక పంక్తి. ఆ ఒక్కదాని నుంచి మీ ముప్ఫై ఏళ్ల సంబంధానికి మొత్తం కూడిక వేస్తే ఆయనే ఒప్పుకోరు, ఆధారం చాలదంటారు.

సంవత్సరీకం తరవాత ఫోనును ఏం చేయాలన్నది మీ అమ్మగారి నిర్ణయం. అప్పటికి తాళాలు ఆమె పేరున, గొంతు మూడుచోట్ల, ఫొటోలు తమ్ముడి దగ్గర ఉంటే, ఆ ఫోనులో మిగిలేది ఆయన రాసుకున్నది మాత్రమే. చార్జరు నుంచి తీసి, ఆపేసి, ఆయన చొక్కాల మధ్య పెట్టమంటే పెట్టండి. మళ్లీ వెలిగిస్తే వేలిముద్ర పనిచేయదు, ప్యాటర్న్ గీయవలసిందే. అది మీకిద్దరికే తెలుసు. మీరిద్దరూ ఎవరికీ చెప్పకపోతే లోపలిది లోపలే ఉంటుంది, ఆ బాధ్యత ఇద్దరి మధ్య సమానంగా ఉంటుంది. తుడిచేయాలని ఆమె అంటే, ఆ పని ఆమె పక్కన కూర్చుని, ఆమె చేతే చేయించండి. హైదరాబాదు నుంచి రిమోట్‌గా వద్దు.

ఈ నెల రీచార్జి గడువు ఎప్పుడో మీరు రాయలేదు. ఈసారి 28 రోజులకు కాకుండా 84 రోజుల ప్లాను వేయండి, సంవత్సరీకం దగ్గరిదాకా వస్తుంది. అమ్మగారు గుర్తుచేయడానికి చేసే ఫోను మధ్యలో ఆగిపోతుంది కాబట్టి, ఆ రోజుల్లో మీరే చేయండి.